పారణ లేని ఉపవాసము

ఏకాదశినాడు ఉపవసించుట ఎంత ముఖ్యమో, ద్వాదశినాడు సకాలమున పారణ చేయుట అంతే ముఖ్యమని వైష్ణవ గృహములలో పుట్టి పెరిగిన వారందరికిని తెలిసినదే. శ్రీమద్భాగవతము నవమ స్కంధములోని అంబరీషోపాఖ్యానము ఈ నియమము చుట్టునే అల్లుకొని యున్నది. ఆ రాజర్షి సంవత్సరకాలము ద్వాదశీవ్రతము సలిపి, కార్తికమాసమున మూడు రాత్రులు ఉపవసించి, మధువనమున శ్రీహరిని అర్చించి, పారణకు సిద్ధపడునంతలో దూర్వాసుడు అతిథియై వచ్చెను. భోజనమునకు అంగీకరించి యమునకు స్నానమునకై పోయిన ముని ఎంతకును మరలి రాలేదు. ద్వాదశి గడియలు చెల్లిపోవుచున్నవి. అతిథికంటె ముందు భుజించినచో అతిథిధర్మమునకు లోపము. ద్వాదశిని దాటనిచ్చినచో వ్రతమునకు లోపము. పండితులతో ఆలోచించి, నీరు త్రాగుట తిన్నట్లును, తిననట్లును అగునని నిశ్చయించి, ఆ రాజు కేవలము జలముతో పారణ గావించెను. అటుపిమ్మట ముని కోపము, కృత్య పుట్టుట, సుదర్శనము దూర్వాసుని తరుముట మనమందరము వినిన కథయే.

సుదర్శనపు వెలుగుకు మన కన్నులు చెదరి, దానికి ముందున్న ఈ చిన్న ఘట్టమును మరచిపోవుచుందుము. మూడు రాత్రులు నిరాహారుడై యుండగలిగిన మహాభక్తుడు మరికొంతసేపు ఉపవాసమును పొడిగించుటకు భయపడినాడు. ఎక్కువసేపు ఆకలికి ఓర్చినచో ఎక్కువ పుణ్యము వచ్చునని అతడు లెక్క వేయలేదు. విరమింపవలసిన వేళకు విరమింపకుండుట వ్రతభంగమని తలచినాడు. ఉపవాసమనగా సమీపమున వసించుట యని పెద్దలు వివరింతురు. భగవంతుని సమీపమున వసించుటకు అన్నము మానుట ఒక ఉపకరణము. పని ముగిసిన వెంటనే ఆ ఉపకరణమును క్రింద పెట్టుటయే పారణ.

ఇప్పుడు మన యిండ్లలో మరియొక ఉపవాసము ప్రవేశించినది. దానికి తిథి లేదు, సంకల్పము లేదు, దేవత లేదు, పారణ లేదు. దానిని పట్టినవారు పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల నడుమనున్న ఆడపిల్లలు. ఉదయము “ఆకలిగా లేదమ్మా” అందురు. మధ్యాహ్నము “బళ్లోనే తినేశాను” అందురు. రాత్రి “చదువుకోవాలి, తర్వాత తింటాలే” అని తలుపు వేసికొందురు. తలుపు వెనుక అద్దమున్నది. చేతిలో సెల్‌ఫోను ఉన్నది. ఆ ఫోనులో నడుమును సన్నగించి, బుగ్గలను తగ్గించి, చర్మపు మచ్చలను తుడిచి చూపెడి మాయాచిత్రములు ఒకదాని వెనుక ఒకటి దొర్లుచుండును. పిల్ల వానిని చూచును, తరువాత అద్దమును చూచును.

ఈ ఉపవాసము కొన్ని యిండ్లలో పూజగది చాటున దాగికొనుట నన్ను మిక్కిలి కలవరపెట్టు సంగతి. శుక్రవారము లక్ష్మీదేవికి ఒంటిపూట, శనివారము శ్రీవేంకటేశ్వరునికి ఒంటిపూట, ఏకాదశి సరేసరి, మార్గశిరమున గురువారములు అదనము. “మా మనవరాలికి నాకంటే నిష్ఠ ఎక్కువ” అని అమ్మమ్మ ఇరుగుపొరుగు వారితో మురిసిపోవును. ఆ ఒంటిపూట ఎవరి కొరకో అమ్మమ్మకు తెలియదు. డైటింగు అని చెప్పినచో తల్లి కోపపడును. వ్రతమని చెప్పినచో ఇల్లంతయు మెచ్చుకొనును. భక్తివేషము ధరించిన ఆకలిని ప్రశ్నించుటకు భక్తిగల యింటిలో ఎవరికిని నోరాడదు. కావుననే ఈ విషయము వైద్యుల పత్రికలలోనే గాక ఇట్టి పత్రికలో కూడ చర్చింపదగినదని నా తలంపు.

ఇది ఈనాటి సెల్‌ఫోను తెచ్చిన కొత్త రోగము మాత్రమే యని త్రోసివేయరాదు. 1873లో లండను నగరమున విలియం గల్ అను వైద్యుడును, పారిసు నగరమున లసేగ్ అను వైద్యుడును ఎవరికి వారుగా, అన్నము మానివేసి అస్థిపంజరములగుచున్న యువతులను గూర్చి వ్రాసిరి. వారికి జీర్ణకోశమున ఏ దోషమును కనబడలేదు. గల్ దీనికి పెట్టిన ‘అనొరెక్సియా నెర్వోసా’ అను పేరే నేటికిని వైద్యగ్రంథములలో నిలిచియున్నది. ఆ మాటకు ఆకలి లేకపోవుట యని యర్థము. పేరు పొరపాటు పేరు. ఆ పిల్లలకు ఆకలి యున్నది. తీవ్రముగా నున్నది. దానిని జయించుటయే తమ ఘనతయని వారు భావింతురు. మనోవ్యాధులలో ప్రాణములు అధికముగా తీయు వానిలో ఇది యొకటి.

చూచిన దానినిబట్టి కోరిక పుట్టునని మన పెద్దలు చెప్పినదానికి పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ ద్వీపములలో ఒక నిదర్శనము దొరికినది. (1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి కూలియొడంబడికపై పోయినవారిలో మన తెలుగువారును ఉండిరి గనుక ఆ ద్వీపముల పేరు మనకు క్రొత్తది కాదు. అయితే ఇక్కడ చెప్పబోవునది అచ్చటి ఆదివాసుల పిల్లలను గూర్చి.) ఫిజీ ఆదివాసులు నిండైన శరీరమును ఆరోగ్యమునకును, బంధుజనుల ఆదరణకును గురుతుగా తలచువారు. అతిథిని బాగుగా తినుమని బలవంతము చేయుట వారి మర్యాద. నద్రోంగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. వచ్చిన కొద్ది వారములకే యాన్ బెకర్ అను అమెరికా పరిశోధకురాలు అచ్చటి పాఠశాల బాలికలను అరువదిమందికి పైగా ప్రశ్నించి, మరల 1998లో అంతే సంఖ్యలో మరికొందరిని ప్రశ్నించెను. బరువు తగ్గుటకై తిన్నదానిని వాంతి చేసికొను బాలిక మొదటిసారి ఒక్కతెయు లేదు. మూడేండ్ల తరువాత నూటికి పదకొండుమంది. తాము మితిమీరి లావుగా నున్నామని తలచువారు నాలుగింట మూడువంతులు. మూడేండ్లలో ఆ దీవిలో అన్నము మారలేదు, ఎముకలు మారలేదు, చూపు మారినది.

మన సంగతి చూతము. 1876లో వచ్చిన ధాత కరవు కథలు తాతముత్తాతల నోట వినిన తరమువారికి సన్నదనము అందమని తోచుట కష్టము. బిడ్డ ‘బొద్దుగా’ ఉన్నదనుట, కోడలు ‘నిండుగా’ ఉన్నదనుట మన భాషలో దీవెనలు. ఆ మాటలు ఎప్పుడు నిందలుగా మారినవో ఎవరును గమనింపలేదు. నింద మోయునది పరాయివారు మాత్రమే కాదు. “కాస్త ఒళ్లు తగ్గించుకోవే, రేపు పెళ్లిచూపుల్లో ఏమంటారు” అని మేనత్త అనును. “రెండో గారె వద్దులే నీకు” అని నలుగురిలో అన్నగారు నవ్వును. పెండ్లిసంబంధములకు పంపు ఫోటోను తల్లియే సరిచేయించును. ఇది ప్రేమతోనే అందురు, సందేహము లేదు. అయినను పదునాలుగేండ్ల పిల్ల ఆ మాటను మనస్సులో పెట్టుకొని రాత్రి దీపమార్పిన తరువాత మరల మరల వినుచుండును. టెలివిజనును, ఫోనును తిట్టుటకు ముందు మన వంటింటి మాటలను ఒకసారి వినుట మంచిది.

ఆ వయస్సులో శరీరము చేయుచున్న పని ఏమో తెలిసినచో పెద్దలు ఇంత తేలికగా మాటాడరు. రజస్వల యగుటకు కొంచెము ముందునుండి ఆడపిల్ల శరీరము తుంటివద్ద, తొడలవద్ద క్రొవ్వును కూర్చుకొనును. అది తిండిపోతుతనపు ఫలము కాదు, ప్రకృతి విధించినది. స్త్రీ జీవితమంతయు మోయవలసిన ఎముకల బలములో సుమారు పదింట తొమ్మిదివంతులు పదునెనిమిదవ యేటిలోపలనే కూడుకొనును. అప్పుడు కూడనిది తరువాత పూర్తిగా కూడుట దుర్లభము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టికను చూడగా, పదమూడు మొదలు పదునైదు ఏండ్ల బాలికకు దినమునకు 2400 కేలరీల ఆహారము కావలెను. కూర్చుండి పనిచేసికొను ఆమె తల్లికి 1660 చాలును. ఇనుము బాలికకు 30 మిల్లిగ్రాములు కావలెను. అనగా, తల్లికంటె బిడ్డ ఎక్కువ తినవలసిన కాలమిది. తల్లితోబాటు బిడ్డయు పథ్యము పట్టుట ఏ లెక్కకును సరిపోదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున పదునైదు మొదలు పందొమ్మిది ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. లేమిచేత తినలేని పిల్లలు ఒకవైపు, ఉండియు తినని పిల్లలు ఒకవైపు ఈ లెక్కలో కలిసియున్నారు. పళ్లెము చూచి వారిని వేరుచేయుట సాధ్యము కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. రక్తమాంసముల మూట యని, తొమ్మిది రంధ్రముల తిత్తి యని శరీరమును నిందించినది మన వైరాగ్య గ్రంథములే గదా. తన దేహమును ద్వేషించు బాలిక ఆ దారినే పోవుచున్నది గదా, అని. ఆక్షేపణ చిన్నది కాదు. వైరాగ్యము కోరునది ఏమి? దేహమే నేననెడి భ్రమ సడలవలెననియు, మనస్సు దేహచింతనుండి విడివడి ఈశ్వరునియందు నిలువవలెననియు. అద్దము ముందు నిలిచి తన ఒడలిని అసహ్యించుకొను బాలిక నిద్ర లేచినది మొదలు పండుకొనువరకు దేనిని తలచుచున్నది? దేహమునే. త్రాసుపై ముల్లు ఒక గీత ఇటు జరిగినచో ఆ దినమంతయు సుఖము. అటు జరిగినచో తానే పాపిష్ఠి దానను అను భావము. దేహమే నేననుటలో ఇంతకు మించిన దశ యేదైన ఉన్నదా? ప్రేమ యెట్లు బంధమో ద్వేషమును అట్లే బంధము. కంసుడు శ్రీకృష్ణుని తలపక ఒక్క క్షణమైన ఉండలేదు, భయముచేత. దేహమును ద్వేషించువారికి దేహస్మరణ అట్లే అఖండముగా సాగును.

ఆహారమును మానినవానినుండి విషయములు తొలగునే గాని వానియందలి రుచి తొలగదనియు, పరమును దర్శించినప్పుడే ఆ రుచియు పోవుననియు గీతాచార్యుడు రెండవ అధ్యాయమున బోధించెను. దీనికి ఇరువదవ శతాబ్దిలో ఒక విచిత్రమైన వ్యాఖ్యానము ఏర్పడినది. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి కాలమున, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ముప్పదియారుగురు యువకులకు ఇరువదినాలుగు వారములపాటు అరకడుపు ఆహారమిచ్చి పరీక్షించెను. యుద్ధపీడితులైన ప్రజలను మరల ఎట్లు పోషింపవలెనో తెలిసికొనుట ఉద్దేశము. ఆ యువకులు సామాన్యులు కారు. హింస చేయరాదను మతవిశ్వాసముచేత ఆయుధము పట్ట నిరాకరించి, లోకసేవకై ఈ బాధను స్వయముగా కోరుకొన్నవారు. అట్టి దృఢచిత్తుల మనస్సులు ఏమైనవి? వారు వంటపుస్తకములు సేకరించి చదువసాగిరి. రాత్రులు భోజనమును గూర్చి కలలు కనిరి. పళ్లెములోని కొంచెమును గంటలకొలది సాగదీసి తినిరి. చీకాకు, దిగులు, ఏకాంతప్రియత్వము వారిని ఆవరించెను. ధర్మమునకై, నియమిత కాలమునకై, వైద్యుల కనుసన్నలలో ఆకలిగొన్న ధీరులకే ఇట్లైనప్పుడు, ఎవరికిని చెప్పక, ఎప్పటికి ముగియునో తెలియక ఆకలిగొన్న బాలిక గతి ఏమగును! ఇంటివారు “ఈ పిల్ల ముభావియైనది, కోపిష్ఠియైనది” అనుకొందురు. అది ఆమె స్వభావము కాకపోవచ్చును; ఆకలి మాటాడుచుండవచ్చును.

ఎంత తగ్గిన చాలునో ఆమెకే తెలియదు. యశోద చిన్ని కృష్ణుని నడుమునకు త్రాడు చుట్టబోగా రెండంగుళములు తక్కువైనది. మరియొక త్రాడు ముడివేయగా మరల రెండంగుళములే తక్కువ. గొల్లపల్లెలోని త్రాళ్లన్నియు అయిపోయినను ఆ రెండంగుళములు పూడలేదు. అది బ్రహ్మాండములు ఇమిడిన ఉదరము గనుక అట్లైనది. మన పిల్లల నడుములు అట్టివి కావు. అయినను కొలబద్దతో నడుము కొలుచుకొను పిల్లకు ప్రతిదినమును ఆ రెండంగుళముల కొరత తప్పదు. అచ్చట త్రాడు సరిపోయినది తల్లి అలసటను చూచి స్వామి కరుణించినప్పుడు.

విశిష్టాద్వైతము చదివినవారు ఈ సందర్భమున భగవద్రామానుజులు శ్రీభాష్యమున శరీరమునకు ఇచ్చిన లక్షణమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒక చేతనునిచే ధరింపబడుచు, నియమింపబడుచు, ఆ చేతనుని ప్రయోజనము కొరకే యుండెడి ద్రవ్యము ఆ చేతనునికి శరీరమని వారి నిర్వచనము. ఆకారము, చేతులు, కాళ్లు, నడుము కొలత ఇందులో ఎచ్చటను రాలేదని గమనింపుడు. శరీరమనునది ఒక సంబంధము. మన దేహము మనకు శరీరము. దేహముతో గూడిన మనము భగవంతునికి శరీరము. అట్లయిన ఈ చేయి, ఈ నడుము, ఈ ఉదరము ఎవరి సొమ్ము? యజమాని యుండగా, బాటసారుల మెప్పుకొరకు ఇంటి గోడలను పడగొట్టుకొను హక్కు అద్దెకున్నవానికి లేదు. గీత పదునేడవ అధ్యాయమున శాస్త్రము విధింపని ఘోరతపస్సులు చేయుచు దేహమును శుష్కింపజేయువారు లోపలనున్న తననే పీడించుచున్నారని స్వామి పలికిన మాట కఠినమైనది. దానిని ఏ పసిపిల్ల మీదను విసరగూడదు. ఆ పిల్లను అట్లు చేయించిన లోకమునకు చెప్పదగిన మాట అది. ఆరవ అధ్యాయమున మితిమీరి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని చెప్పి, రెండింటిని ఒకే త్రాసులో పెట్టినాడు. కావున వైద్యుడు తూచి చెప్పిన పథ్యమును, నూనె తగ్గించి నడక పెంచుటను నేను తప్పు పట్టుటలేదు. స్థూలకాయమును రోగములు తెచ్చునదే. ఔషధముగా ఆహారమును తగ్గించుట వేరు, అపరాధమునకు శిక్షగా తగ్గించుట వేరు.

ఆడపిల్లలు కలిసి పట్టిన వ్రతము మన సంప్రదాయములో లేకపోలేదు. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా వినిపించు తిరుప్పావై ముప్పది పాశురములును అట్టి వ్రతగానమే. రెండవ పాశురమున గోదాదేవి తన చెలులతో వ్రతనియమములు చెప్పుచు నెయ్యి తినము, పాలు త్రాగము, కాటుక పెట్టము, పూలు ముడువము అను నిషేధములను వరుసగా పేర్కొన్నది. ఆ మాటల వరకే చూచినచో నేటి పిల్ల డైటింగు చిట్టాకు దగ్గరగా నున్నదే యని తోచును. కాని చుట్టునున్న దానిని చూడుడు. వారు తెల్లవారకముందే ఒకరినొకరు పేరుపెట్టి లేపుకొని పోవుచున్నారు. ఒంటరిగా ఎవరును లేరు. కొండెములు చెప్పము, చేతనైనంత దానము చేయుదుము అనునవియు ఆ నియమములలోనివే. వ్రతఫలముగా నెలకు మూడు వానలు, కడవలు నిండ పాలిచ్చు ఆవులు, నిండు పంటలు లోకమునకు కోరుచున్నారు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇరువదియేడవ పాశురమున వ్రతము తీరినది. విడిచిన ఆభరణములు మరల వచ్చినవి, క్రొత్త చీరలు వచ్చినవి, పాలతో వండిన అన్నముపై నెయ్యి మోచేతివరకు కారుచుండగా అందరును కూడి చల్లగా కూర్చుండిరి. ముందు వద్దనిన నెయ్యి, వద్దనిన పాలు అవే! ఆ దినమున వైష్ణవ ఆలయములలో అక్కారవడిశల్ నివేదనచేసి పంచిపెట్టుట ఇందువలననే. పారణ అనగా ఇది. నేయి కారుచున్న ఆ మోచేతులు పదునైదు పదునారేండ్ల పిల్లల మోచేతులు.

ఇదే గోద అద్దము చూచుకొన్నది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులు స్వామికై కట్టిన మాలను ముందు తాను దాల్చి, బావినీటిలో తన నీడను చూచుకొన్నదని కథ. శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమునకు ఆముక్తమాల్యద యని పేరు పెట్టినది ఆ పనినిబట్టియే. కావున అద్దము చూచుకొనుట పాపమని పిల్లలకు చెప్పరాదు; అలంకారము తప్పని చెప్పరాదు. స్వామికి తగియున్నానా యని ఆమె నీటిని అడిగినది. ఆమె దాల్చిన మాలయే తనకు ప్రియమని స్వామి సెలవిచ్చెను. ఈనాటి బాలిక అడుగు ప్రశ్నకు బదులు చెప్పువారు ముక్కు మొగము తెలియని వేలమంది. వారిలో ఎవ్వరును చాలునని చెప్పరు.

అయితే దేవుని పేర చేసిన ఉపవాసమున ప్రమాదము లేదని నేను చెప్పజాలను. ఇటలీలో కేథరిన్ అను క్రైస్తవ సాధ్వి (1347–1380) బాల్యమునుండి ఉపవాసదీక్ష పట్టి, క్రమముగా ఏమియు తినలేని స్థితికి వచ్చినది. భుజింపుమని గురువులు ఆజ్ఞాపించినను భుజింపలేకపోయెనని ఆమె చరిత్ర వ్రాసిన గురువే చెప్పియున్నాడు. ముప్పదిమూడవ యేట ఆమె మరణించెను. ఆమె భక్తిని శంకించుటకు మనమెవరము? అయినను ఆమె జీవితము ఒక కొలతను మన చేతికిచ్చుచున్నది. ఆపుమనినప్పుడు ఆపగలుగుచున్నదా? అంబరీషుడు ఆపగలిగెను. ఆపలేని ఉపవాసము ఎంత పవిత్రమైన పేరుతో మొదలైనను అది వ్రతపు చేతినుండి వ్యాధి చేతిలోనికి పోయినట్లే.

కావున ఇంటి పెద్దలు వ్రతమును మాన్పుటకంటె పారణను కనిపెట్టవలెను. శనివారము ఒంటిపూట యున్న పిల్ల ఆదివారము ఉదయము ఇష్టముగా తినుచున్నదా? ప్రసాదము చేతిలో పెట్టినప్పుడు కన్నుల కద్దుకొని నోట వేసికొనుచున్నదా, లేక చెంగున ముడిచి “తర్వాత తింటాను” అనుచున్నదా? అందరితో పంక్తిలో కూర్చుండుట మానినదా? భోజనము కాగానే స్నానపుగదికి పోయి తలుపు వేసికొనుచున్నదా? వేసవిలోను చేతులు చల్లగా నున్నవా, జుట్టు కుచ్చులుగా ఊడుచున్నదా, నెలసరి నిలిచినదా? ఇట్టివి కనబడినప్పుడు తిట్టుట, బలవంతముగా నోట కుక్కుట, ఇంటికి వచ్చినవారి యెదుట చెప్పుట పనికిరావు. ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. ఆ వైద్యుడు అవసరమని చెప్పినచో మనోవైద్యునికిని చూపవలెను. పెండ్లికావలసిన పిల్లను మనోవైద్యునికి చూపిన లోకులేమందురో యని జంకుట కలదు. లోకులేమందురో అనెడి ఆ జంకే పిల్లను ఇక్కడివరకు తెచ్చినది.

మగపిల్లలలోను కండలకై ఇట్టి పిచ్చి ప్రబలుచున్నది. దానిని వేరుగా వ్రాయవలసి యున్నది.

మ్రొక్కు మాట యొకటి మిగిలినది. “దేవుడికి మొక్కుకున్నాను, మధ్యలో తింటే దోషం” అని పిల్ల పట్టుపట్టినచో భక్తులైన తల్లిదండ్రులు వెనుకాడుట సహజము. ధర్మశాస్త్రము ఇందుకు దారి చూపియే యున్నది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము అను ఎనిమిది వ్రతమును చెరుపవని పూర్వులు నిర్ణయించిరి. రోగియైన పిల్లకు వైద్యుడు చెప్పిన అన్నము ఔషధమే. దానికిని ఆమె మనస్సు ఒప్పనిచో తమ ఆచార్యుని సన్నిధికి ఆమెను తోడ్కొని పోయి, ముందుగా ఆయనకు సంగతి విన్నవించి, “నీ వ్రతము పూర్తియైనదమ్మా, ఇక ఈ ప్రసాదం తీసుకో” అని ఆయన చేతనే చెప్పింపవచ్చును. ఆమె తీసికొనిన తరువాత ఆ ప్రసాదమునే తల్లిదండ్రులును ఆమె ప్రక్కన కూర్చుండి స్వీకరింపవలెను. ఎంత తిన్నదో కొలిచి చూడక.